మాహౌల్, మాహౌలియాత్

ఉర్దూ మీడియం స్కూల్లో చదివిన మాకు ‘మాహౌల్’ అనే మాట రెండు చోట్ల వినపడేది. ఒకటి ఇంట్లో. “బయట మాహౌల్ ఖరాబుంది, గల్లీ దాటి పోవద్దు” అని అమ్మీ అనేది. అంటే దుకాణాల షట్టర్లు పడుతున్నాయని, సాయంత్రానికి కర్ఫ్యూ పెట్టొచ్చని అర్థం. రెండోది సైన్సు కితాబులో, ‘మాహౌలియాత్’ అనే పాఠంలో. అందులో చెట్లు, చేపలు, పొగ గొట్టాల బొమ్మలు. మనుషులు మాత్రం కనిపించేవాళ్లు కాదు. డిగ్రీకి తెలుగులోకి వచ్చాక అదే పాఠం ‘పర్యావరణం’ అయింది. మాట మారింది కానీ మనుషులు అప్పుడూ రాలేదు.

ఇప్పుడు ఈ మనుషుల్నే ఆ పాఠంలోకి లాక్కొస్తున్న కితాబులు కొన్ని కొన్నేళ్లుగా నా తలగడ పక్కన చేరుతున్నాయి. నేలా, నీళ్లూ, అడవీ, రోగం, వాటి మధ్య మనిషి. చరిత్రకారులు రాసినవి, ఎక్కువగా ఇంగ్లీషువి. కితాబులతో సమానంగా నాకు నచ్చేది వాటి మీద ఆలిములు చేసుకునే బహస్. (ఇక్కడ ఆలిములంటే యూనివర్సిటీ ఆలిములు, మౌలానా సాబ్‌లు అపార్థం చేసుకోవద్దు.) ఒకరు పదేళ్లు పనిచేసి ఒక కితాబు రాస్తారు. ముగ్గురో నలుగురో దాన్ని అక్షరం వదలకుండా చదివి సవాళ్లు వేస్తారు. ఫలానా దస్తావేజు ఎందుకు చూడలేదు, ఫలానా వాళ్ల గొంతు ఎందుకు లేదు అని నిలదీస్తారు. రాసినాయన కూర్చుని ఒక్కోదానికి జవాబు చెప్తాడు. కొన్ని ఒప్పుకుంటాడు, కొన్ని ఒప్పుకోడు. ఎవరూ గొంతు పెంచరు. మన మదర్సాల్లో పాత కితాబులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పేజీ మధ్యలో మతన్, చుట్టూ షరహ్, అంచుల్లో హాషియా, హాషియా మీద ఇంకొకరి హాషియా. వందల ఏళ్ల పాటు ఒక వాక్యం గురించి తగవు పడ్డ ఉమ్మత్ మనది. రోజూ రాత్రి తొమ్మిదింటికి టీవీల్లో జరిగే ‘డిబేట్’ చూసి చూసి ఆ సంగతి మరిచిపోయాం. వృత్తిరీత్యా నేను ఆ డిబేట్లు చూడక తప్పదు. అందుకే ఈ రెండో రకం బహస్ నాకు దవా లాంటిది.

వీటిలో మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన కితాబు ఒకటుంది. మైకెల్ క్రిస్టఫర్ లో 2020లో తెచ్చిన ‘ఇంపీరియల్ మక్కా’. పేరు చూసి దీన్ గురించి అనుకుంటాం. నిజానికి అది ఓడల గురించి, హైజా గురించి, నీళ్ల గురించి. ఆ మూడింటి మధ్య హజ్.

సంగతి ఏమిటంటే, పొగ ఓడలు రాకముందు మన దేశం నుంచి హజ్‌కి పోవడం నెలల తరబడి ప్రయాణం. పోయేవాళ్లు తక్కువ. ఆవిరి ఓడలొచ్చాయి, 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. డెక్కు మీద చాప పరుచుకుని పోయే గరీబు హాజీలకు కూడా బొంబాయి నుంచి జిద్దా దగ్గరయింది. ఓడ ఎంత జల్దీ పోతే రోగం కూడా అంత జల్దీ పోతుంది కదా. 1865 హజ్‌లో హైజా వేల మందిని తీసుకుపోయింది. అక్కడి నుంచి సూయజ్ మీదుగా మిస్ర్‌కి, మధ్యధరా సముద్రపు రేవులకు, యూరప్‌కి పాకింది. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో దేశదేశాల వైద్యులు, రాయబారులు జమ అయ్యారు. ఈ రోగం పుట్టిల్లు హిందుస్తాన్, మోసుకొచ్చేది హాజీ అని తేల్చారు.

ఇక్కడి నుంచి కథ ముదురుతుంది. ఫ్రాన్సు మొదలైన దేశాలు హాజీలను ఆపి క్వారంటీన్‌లో పెట్టమన్నాయి. అంగ్రేజులు కాదన్నారు. హాజీల మీద ముహబ్బత్‌తో కాదు, తిజారత్ మీద. క్వారంటీన్ అంటూ మొదలైతే హాజీల ఓడలతో పాటు సరుకుల ఓడలూ ఆగుతాయి. అందుకని వాళ్ల అధికారులు చాలామంది హైజా మనిషి నుంచి మనిషికి అంటేది కాదని, అది ఆయా ఊళ్ల మురికి వల్ల, చెడు గాలి వల్ల వస్తుందని చాలా ఏళ్లు వాదించారు. అంటే తప్పు మక్కాది అవుతుంది, కలకత్తాది కాకుండా పోతుంది. మధ్యలో ఉస్మానీ ఖిలాఫత్. హరమైన్ ఖాదిమ్ అని బిరుదు, ఖజానాలో పైసా లేదు, నాలుగు దిక్కులా యూరప్ కాన్సుళ్లు. వాళ్లు 1880లలో యెమెన్ ఒడ్డున కమరాన్ అనే దీవిలో పెద్ద క్వారంటీన్ పెట్టారు. దక్షిణం నుంచి వచ్చే ప్రతి హాజీ ఓడా అక్కడ ఆగాల్సిందే.

కమరాన్ పేరు కితాబులో చదివి నేను లేచి కూర్చున్నాను. ఆ పేరు నాకు తెలుసు. మా నానీ తన అబ్బా హజ్ కిస్సా చెప్పినప్పుడల్లా ఆ పేరు వచ్చేది. బొంబాయిలో ఓడ ఎక్కారు, ఇంకా యలంలం రాలేదు, ఇహ్రామ్ కట్టలేదు, కమరాన్‌లో దింపేశారు. బట్టలన్నీ తీసుకుని ఆవిరి పట్టించారు. తిరిగి ఇచ్చేసరికి ఆయన కొత్త షేర్వానీ ముడుచుకుపోయి పిల్లాడి కుర్తాలా అయిందని నానీ నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. కమరాన్ అంటే ఏదో దోభీ ఘాట్ అనుకున్నాను చిన్నప్పుడు. ఆ షేర్వానీ వెనక ఇస్తాంబుల్, పారిస్, లండన్ మధ్య ఇరవై ఏళ్ల పంచాయితీ ఉందని నలభై దాటాక తెలిసింది. మీ ఇళ్లల్లోనూ ఇలాంటి ఒక మాట ఉండొచ్చు. పెద్దవాళ్లున్నప్పుడే అడగండి.

ఆ కాలపు ఇంకో మనిషి గురించి చెప్పాలి. డాక్టర్ అబ్దుర్ రజ్జాక్. హిందుస్తానీ ముసల్మాన్, అంగ్రేజు సర్కారు వైద్య శాఖలో సర్జన్. 1878లో ఆయన్ని హాజీలతో పాటు హిజాజ్‌కి పంపారు, అక్కడి సేహత్ హాలాత్ రాసి పంపమని. తర్వాత జిద్దాలో వైస్ కాన్సుల్ అయ్యాడు. కాన్సుళ్లలో ముసల్మాన్ కాని వాళ్లు మక్కాలో అడుగు పెట్టలేరు కాబట్టి సర్కారుకి ఆయనే కన్ను. హాజీలకు ఆయనే వకీలు. ఓడలోళ్లు మోసం చేస్తే, దళారీలు దోచుకుంటే రాసింది ఆయనే. ఉస్మానీలకు ఆయన జాసూస్. 1895లో జిద్దా ఊరి బయట ఆయన్ని చంపేశారు. క్వారంటీన్ల మీద, కాన్సుళ్ల మీద జనంలో ఎంత గుస్సా ఉండేదో ఆ ఏడాది మొత్తం హిజాజ్‌లో కనిపించింది. నేను ఆయన్ని ఏ ఖానాలో వేయాలో తేల్చుకోలేకపోతున్నాను. గద్దారా, ఖాదిమా? రెండూ నిజమేనేమో. నౌకరీ చేసే ప్రతి ముసల్మానుకీ ఈ సవాల్ కొంచెం తగులుతుంది.

జంజం సంగతి కూడా ఉంది, చెప్పకుండా దాటలేను. 1880ల మొదట్లో జిద్దాలోని అంగ్రేజు కాన్సుల్ ఒక సీసాలో జంజం నీళ్లు లండన్‌కి పంపాడు. ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ అనే పేరున్న కెమిస్టు పరీక్ష చేసి అది మురుగుతో కలిసిన నీరు, రోగాలకు మూలం అని రాశాడు. ఉస్మానీ వైద్యులు, కెమిస్టులు మళ్లీ పరీక్ష చేసి కాదన్నారు. చదువుతుంటే మనసు కష్టపడుతుంది. కానీ గమనించండి, ఇక్కడ ఉస్మానీల జవాబు తౌబా తౌబా అని చెవులు మూసుకోవడం కాదు. మా దగ్గరా ల్యాబ్ ఉంది, మా దగ్గరా కెమిస్టు ఉన్నాడు అన్నారు. అకీదా ఒకవైపు, తహ్కీక్ ఇంకోవైపు అని విడదీయలేదు. నీళ్ల పనులూ చేశారు. హారూన్ రషీద్ బేగం జుబైదా వేయించిన వెయ్యేళ్ల నాటి ఐన్ జుబైదా కాలువకు మరమ్మతులు చేశారు. దానికి హిందుస్తానీ తాజిర్లు, నవాబులు చందాలిచ్చారు. జిద్దాలో 1900ల మొదటి దశాబ్దంలో సముద్రపు నీటిని మరిగించి మంచినీళ్లు చేసే యంత్రం పెట్టారు. కండెన్సర్ అనే మాట జనం నోట్లో ‘కిందాసా’ అయింది. ఈ రోజు జిద్దాలో నల్లా తిప్పితే వచ్చే నీళ్ల మొదటి బిడ్డ ఆ కిందాసానే. అక్కడ డ్రైవర్లుగా, మేస్త్రీలుగా ఉన్న మన భాయిలకు ఈ సంగతి తెలిస్తే బాగుండు అనిపించింది.

ఒక రోజు ఇషా నమాజు తర్వాత మసీదు మెట్ల మీద ఇదంతా చెప్తుంటే ఒక బుజుర్గ్ మొహం ముడుచుకున్నారు. “హజ్ కితాబులో హైజా ఎందుకు మియా? రాయడానికి ఇంకేం దొరకలేదా వాళ్లకి?” అన్నారు. ఆయన ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయలేదు. 2020 ఏప్రిల్‌లో నేను డెస్కులో ఉన్నాను. దిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ ఖబర్లు వస్తున్న రోజులు. రోగానికి టోపీ తొడిగి, గడ్డం పెట్టి, జిహాద్ అని పేరు పెట్టారు. కూరగాయల బండి వాళ్లను పేరు అడిగి వెళ్లగొట్టిన ఖబర్లు నా చేతుల మీదుగా పోయాయి. ఏ హెడ్డింగులో ఏ మాట ఉండాలని రాత్రి పన్నెండింటికి నేను ఎవరితో తగవు పడ్డానో ఇక్కడ రాయను. ఆ నెల గడిచిన మనిషికి ‘హాజీ రోగం మోస్తాడు’ అనే వాక్యం ఎలా వినపడుతుందో నాకు తెలుసు.

అయితే బుజుర్గ్‌తో నేను అన్నది ఇదే: హజ్రత్, ఈ మాట 2020లో పుట్టలేదని, దానికి 1866 నాటి కాగితం ఉందని మనకు చెప్పేది ఇలాంటి కితాబే. దుష్మన్ రాశాడని చదవకుండా వదిలేస్తే మన కిస్సా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆయన “చూద్దాం” అన్నారు. ఒప్పుకున్నారని నేననుకోను.

కితాబు మీద నా షికాయత్ నాకుంది. అందులో కాన్సుల్ మాట్లాడతాడు, డాక్టర్ మాట్లాడతాడు, పాషా మాట్లాడతాడు. డెక్కు మీద చాప పరుచుకున్న హాజీ అంతగా మాట్లాడడు. దస్తావేజులు రాసింది కాన్సుళ్లు కాబట్టి అంతేనంటారు. కానీ ఉర్దూలో హజ్ సఫర్‌నామాలు తక్కువేం లేవు. భోపాల్ నవాబ్ సికందర్ బేగం 1863-64లో హజ్ చేసి రాసిన సఫర్‌నామా ఉంది. హైజా విరుచుకుపడటానికి కొంచెం ముందు ఒక ఆడమనిషి, అందులోనూ రాజ్యమేలే మనిషి, మక్కా గల్లీలను, జిద్దా చుంగీ వాళ్లను ఏ మొహమాటం లేకుండా తూర్పారబట్టింది. బేగం కాబట్టి ఆమె కితాబు మిగిలింది. మా నానీ అబ్బా షేర్వానీ కిస్సా మిగల్లేదు, నేను ఇక్కడ రాసేదాకా.

అమితవ్ ఘోష్ ‘ది నట్‌మెగ్స్ కర్స్’ (2021) గురించి కొంచెమే చెప్తాను. మన బిర్యానీ మసాలాలో జాఫల్, జావిత్రీ ఉంటాయి కదా, తెలుగులో జాజికాయ, జాపత్రి. ఒకప్పుడు ఈ రెండూ దునియా మొత్తంలో బందా అనే చిన్న దీవుల్లోనే పండేవి, ఇప్పటి ఇండోనేషియాలో. అక్కడి జనంలో చాలామంది ముసల్మానులు. 1621లో డచ్చి కంపెనీ గవర్నర్ యాన్ పీటర్‌జూన్ కూన్ ఫౌజుతో దిగి, 44 మంది ఊరి పెద్దల తలలు తీయించి, దీవుల్ని ఖాళీ చేయించాడు. పదిహేను వేల జనాభాలో వెయ్యి మంది కూడా మిగల్లేదని అంచనా. ఒక కాయ కోసం. ఆ కాయ ధర పడిపోయాక, మనుషుల్ని నరికిన కంపెనీయే చెట్లనూ నరికించింది. ఘోష్ దీన్నుంచి ఇప్పటి వేడెక్కే భూమి దాకా ఒక గీత గీస్తాడు. గీత మరీ సూటిగా ఉందని నాకు అనిపించింది. నవల రాసే చేయి అది, మధ్యలో ఉన్న మూడొందల ఏళ్లను దూకేస్తుంది. అయినా ఈద్ రోజు జావిత్రీ డబ్బా మూత తీసినప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతోంది ఇప్పుడు.

ఆలిముల మధ్య ఏళ్ల తరబడి నడిచిన ఇంకో బహస్ అడవి గురించి. రామచంద్ర గుహ, మాధవ్ గాడ్గిల్ రాసింది ఏమిటంటే, అంగ్రేజులు 1878 అడవి చట్టంతో అడవిని కాపాడలేదు, రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల కోసం గూడేల చేతుల్లోంచి లాక్కున్నారు అని. రిచర్డ్ గ్రోవ్ 1995లో ‘గ్రీన్ ఇంపీరియలిజం’ తెచ్చి, ఆగండి, మారిషస్, సెయింట్ హెలీనా లాంటి దీవుల్లో కంపెనీ డాక్టర్లు చెట్లు పోతే వానలు పోతాయని ముందే కలవరపడ్డారు, అడవి కాపాడాలనే ఖయాల్ కూడా అక్కడే మొదలైంది అన్నాడు. ఇద్దరి దగ్గరా దలీల్ ఉంది. నాకు గుహ వాళ్ల వైపే మొగ్గు. డాక్టర్ మంచి మనసుతో రాసిన రిపోర్టు చివరికి ఫారెస్టు గార్డు లాఠీ అయిందన్నది మనం కళ్లతో చూసిన సంగతి.

అయితే ఇక్కడ మనవాళ్లు ఇష్టపడని సవాల్ ఒకటుంది. ఆ లాఠీ అంగ్రేజుల ఇలాఖాలోనే ఉందా? లేదు. ఆసిఫ్‌జాహీ రియాసత్‌లోనూ ఉంది. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల పోడు పొలాలు రిజర్వు అడవి పేరుతో పోయాయి. కొమరం భీమ్ 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకీకి చనిపోయాడు. ఆ తర్వాతే సర్కారుకి గోండుల బాధ ఏంటో తెలుసుకోవాలని బుద్ధి పుట్టి హైమన్‌డార్ఫ్‌తో రాయించింది. ఈ చరిత్రను లోపలి నుంచి చూడాలంటే భంగ్యా భుక్యా 2017లో తెచ్చిన గోండుల చరిత్ర, ‘ది రూట్స్ ఆఫ్ ది పెరిఫెరీ’, ఉంది. ఉస్మాన్ సాగర్ పేరు చెప్పగానే మా నిజాం, మా నిజాం అని మనం ఛాతీ విరుచుకుంటాం. జోడేఘాట్ అనగానే అది రాజుల సంగతి అని జారుకుంటాం. రెండూ ఒకే ఖజానా, ఒకే సంతకం. ముసల్మాన్ బాద్షా అయినంత మాత్రాన గరీబు పక్షాన ఉన్నాడని కాదు. దీని మీద నాకు గాలి మెసేజులు పెట్టేవాళ్లు పెట్టుకోండి.

ఉస్మాన్ సాగర్ పేరు వచ్చింది కాబట్టి మూసీ దగ్గరికి వస్తాను. అసలు ఈ కితాబులన్నీ చదువుతున్నంతసేపూ నా మనసులో పారుతున్నది మూసీయే.

1908 సెప్టెంబరు 28. మన పెద్దల నోట్లో అది ‘తుగ్యానీ’. పదిహేను వేల మంది పోయారని చెప్తారు. ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూటయాభై మంది బతికారు. షాయర్ అమ్జద్ హైదరాబాదీ తన అమ్మీని, బేగంని, కూతుర్ని కళ్లముందే పోగొట్టుకున్నాడు. ‘ఖయామతె సుగ్రా’ అని నజ్మ్ రాశాడు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన తేల్చిన సంగతి ఇప్పటికీ చదవదగ్గది: సిటీకి పైన మూసీకి నీళ్లొచ్చే నేల మీద దాదాపు 800 చెరువులున్నాయి, ఆ వానకు రెండొందలకు పైగా తెగాయి, ఒకదాని నీళ్లు ఇంకోదాని కట్ట మీద పడి వరస కట్టి కూలాయి. అందుకే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. తాగే నీళ్లకన్నా ముందు, నీళ్లను ఆపడానికి కట్టినవి అవి.

ఫిఖ్హ్‌లో ‘హరీమ్’ అని ఒక మాట ఉంది. జనానా అనే అర్థంలో కాదు. బావికీ, చష్మాకీ, నదికీ చుట్టూ కొంత నేల దాని హక్కు. అక్కడ ఇంకొకరు బావి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు. నీళ్లకు హక్కుందని, ఆ హక్కును ఖాజీ కాపాడాలని పాత ఫఖీహ్‌లు రాశారు. 1996లో వచ్చిన 111 జీవో కూడా అచ్చంగా అదే పని చేసింది. రెండు సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్లు, 84 ఊళ్లు. 2022లో దాన్ని ఎత్తేశారు. మన జుమా ఖుత్బాల్లో హరీమ్ గురించి ఎన్నిసార్లు విన్నాం? పారే నది పక్కన కూర్చుని వజూ చేసినా నీళ్లు దుబారా చేయొద్దన్న హదీసు అందరికీ తెలుసు. మసీదు హౌజు దగ్గర చెప్తాం. చెరువు దగ్గర ఎవరూ చెప్పరు.

2020 అక్టోబరు 13 రాత్రి పల్లె చెరువు తెగింది. నాలుగైదు రోజులకే బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగింది. 1908 మాదిరే కట్ట మీద కట్ట. మా ఖాలా ఉండేది ఆ వైపే. ఖురాన్ షరీఫ్‌ని బీరువా మీద పెట్టి, తాను వాటర్ ట్యాంకు పక్కన మేడ మీద రాత్రంతా కూర్చుంది. ఫ్రిజ్జు నీళ్ల మీద తేలి వాకిలి దాకా వచ్చి ఇరుక్కుందట. నేను వెళ్లేసరికి ఆమె మొదట చూపించింది ఇంటిని కాదు, ఒక ప్లాస్టిక్ కవరు. అందులో నోటరీ కాగితాలు, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు.

“చూడు బేటా, అన్నీ ఉన్నాయి. ప్లాట్ అమ్మినోడు చెరువని చెప్పలేదు. పన్ను కట్టించుకున్నోళ్లు చెరువని చెప్పలేదు. ఇప్పుడు మీ పేపరోళ్లు చెప్తున్నారు, మేం చెరువులో ఇల్లు కట్టుకున్నామని.”

నా దగ్గర జవాబు లేదు. ఉన్నవన్నీ కితాబుల జవాబులు. గుహ 1989లోనే రాశాడు, గరీబు దేశాల్లో మనుషుల్ని లెక్కలోకి తీసుకోకుండా ప్రకృతిని కాపాడబోతే అది గరీబుల నుంచి లాక్కోవడమే అవుతుందని. 2024లో మూసీ ఒడ్డున బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్.బి.ఎక్స్. అని రాసినప్పుడు నేను రిపోర్టింగ్‌కి పోయాను. పిల్లలు ఆ అక్షరాలను వేలితో గీకుతున్నారు. కొంతమందికి డబుల్ బెడ్రూం ఇళ్లిచ్చారు, మంచిదే. కానీ మెకానిక్కు, ఇడ్లీ బండామెకు, పనిమనిషికి రోజుకూలి ఒడ్డునే ఉంది, ఇల్లు ఎక్కడో ఉంది. నదికి హక్కుంది అన్న మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ హక్కు అడగడానికి ఎప్పుడూ అరవై గజాల ఇంటి తలుపే ఎందుకు తడతారన్నదే నా తగవు. సునీల్ అమృత్ ‘అన్‌రూలీ వాటర్స్’ (2018)లో ఆసియా మొత్తం వాన చుట్టూ, నది చుట్టూ తిరిగిన తీరు చూపిస్తాడు. కాటన్ గోదావరి ఆనకట్ట కూడా అందులో ఉంది. నేను మాత్రం ఆ కొలతలో మూసీ కోసం వెతుక్కుంటున్నాను, గోదావరి లాగా దానికీ ఒక ఆలిమ్ దొరకాలని.

మూసీ గురించి అలాంటి కితాబు ఎవరు రాయాలి? సామాను అంతా ఇక్కడే ఉంది. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌లో ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు గుట్టలు గుట్టలు. 1880లలో రియాసత్ దఫ్తర్లు ఫార్సీ నుంచి ఉర్దూకి మారాయి కాబట్టి తుగ్యానీ, చెరువులు, బావులు, తోటలు, నాలాల తకరారులు, అన్నీ ఉర్దూలో. తుగ్యానీ తర్వాత లెనార్డ్ మన్ సర్వే చేయించిన నక్షాల్లో ఇళ్లు, బావులు విడివిడిగా కనిపిస్తాయి. అమెరికా నుంచి వచ్చిన పరిశోధకులు శికస్తా చదవడం నేర్చుకుని మరీ కూర్చుంటారు. మన పిల్లలు ఉర్దూ మీడియం వదిలేశారు, వదిలించింది మనమే, అందుకు మన మజ్బూరీలు మనకున్నాయి. ఉర్దూ చదవగలిగి తెలుగులో రాయగలిగేవాళ్లం మా ఈడు వాళ్లం కొద్దిమందిమి మిగిలాం. మా తర్వాత ఆ గుట్టలు ఉంటాయి, చదివేవాళ్లు ఉండరు.

నా కూతురు ఇంటర్ చదువుతోంది, ఎంపీసీ. రమజాన్ సెలవుల నుంచి రోజూ అరగంట దానికి ఉర్దూ చదివిస్తున్నాను. ఖాయిదా నుంచి కాదు, దానికి విసుగు. పాత ఉర్దూ అఖ్బార్ల ఫోటో కాపీలు. నుఖ్తాలు ఎగిరిపోయిన చోట తడబడుతుంది, ఊహించి చదివి నన్ను నవ్విస్తుంది. మొన్న ఆదివారం ఖాలా ఇంటికి వెళ్లినప్పుడు ఆమె ముందు కూర్చుని ఒక పేరా చదివి వినిపించింది. ఖాలా తల ఊపుతూ విని, అడిగింది: “ఆ కాగితాల్లో మా చెరువు పేరు ఎక్కడైనా ఉందేమో చూస్తావా బేటీ? ఎంత దాకా ఉండేదో, కట్ట ఎక్కడుండేదో. నాకు తెలవాలి.”

వచ్చే నెల దానికి సెలవులున్నాయి. ఇద్దరం తార్నాక పోదామనుకుంటున్నాం. అర్జీ ఉర్దూలో రాయాలా తెలుగులోనా అని అడుగుతోంది.